స్పీకర్ అడిగేదెంత, రిసీవర్ ఇచ్చేదెంత

హోమ్ థియేటర్ రిసీవర్ కొనబోయేవాళ్లు షాపులో అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. స్పీకర్ మీద 150 వాట్లని రాసి ఉంది, రిసీవర్ 80 వాట్లే ఇస్తుందట, సరిపోతుందా? కొందరు దీన్నే తిరగేసి అడుగుతారు. రిసీవర్ 135 వాట్లు, స్పీకర్ 100 వాట్లే, కాలిపోదా? రెండింటి వెనకా ఉన్న అపోహ ఒక్కటే. స్పీకర్ మీద రాసిన వాట్లు అది పలకడానికి కావలసిన పవర్ కాదు, అది తట్టుకోగల హద్దు. వంతెన దగ్గర 10 టన్నులని బోర్డు ఉందంటే దాటే ప్రతి బండీ 10 టన్నులుండాలని అర్థం కాదు కదా. అయినా ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి సరిచూడటం మన దగ్గర రివాజైపోయింది. దానికి తోడు ఇంకో రివాజు కూడా ఉంది. ఫలానా కంపెనీ రిసీవర్‌ది మెత్తటి గొంతు, ఫలానా కంపెనీది పదునైన గొంతు, కాబట్టి ఈ స్పీకర్‌కి ఆ రిసీవరే జోడీ అని చెప్పడం. ఈ రెండు పద్ధతులూ డబ్బు ఖర్చు పెట్టవలసిన చోట కాకుండా వేరే చోట పెట్టిస్తాయి. స్పీకర్‌కి రిసీవర్ కుదురుతుందా లేదా అన్నది తేల్చే సంగతులు మూడే. స్పీకర్ సెన్సిటివిటీ, దాని ఇంపిడెన్స్, సోఫాకీ స్పీకర్‌కీ మధ్య దూరం. ఆ లెక్క తేలాక రిసీవర్‌లో చూడవలసింది గొంతు కాదు, గదిని సర్దుకునే తెలివి.

ముందు డబ్బా మీది వాట్ల సంగతి. ఒకప్పుడు టేప్‌రికార్డర్ల మీదా డెక్‌ల మీదా వెయ్యి వాట్ల పీఎంపీఓ అని రాసి అమ్మడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ అంకెకు ఏ ప్రమాణమూ లేదు, ఎవరికి తోచినంత వాళ్లు రాసుకున్నారు. ఇప్పటి రిసీవర్ల మీద అంత పచ్చి అబద్ధం ఉండదు. కానీ ఒకే యంత్రానికి మూడు నాలుగు నిజాలుంటాయి, వాటిలో పెద్దది డబ్బా మీదికి ఎక్కుతుంది. యమహా ఆర్‌ఎక్స్‌-వీ385 అనే 5.1 రిసీవర్‌నే తీసుకోండి. దాని స్పెసిఫికేషన్ల పేజీలో మూడు అంకెలు కనిపిస్తాయి. 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, రెండు చానళ్లు కలిసి పనిచేస్తూ, 0.09 శాతం డిస్టార్షన్‌తో 70 వాట్లు. ఒక్క చానలే, ఒక్క కిలోహెర్ట్జ్ స్వరం మీదే, 0.9 శాతం డిస్టార్షన్‌తో 100 వాట్లు. అదే ఒక్క చానల్, అదే ఒక్క స్వరం, డిస్టార్షన్ పది శాతం దాకా పోనిస్తే 135 వాట్లు. మూడూ ఆరు ఓమ్‌ల మీద కొలిచినవే. కంపెనీ దేన్నీ దాచలేదు, పేజీ చివరి దాకా చదివితే అన్నీ కనిపిస్తాయి. కానీ పది శాతం డిస్టార్షన్ అంటే సంభాషణ గరగరలాడుతూ చెవికి స్పష్టంగా తెలిసిపోయే స్థితి. దాన్ని పనికొచ్చే పవర్‌గా లెక్క వేయకూడదు. ఈ గందరగోళం పాతదే. అమెరికాలో యాంప్లిఫయర్ వాట్ల ప్రకటనలు హద్దు మీరాయని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఒక నిబంధన తెచ్చింది. యాభై ఏళ్ల తర్వాత, 2024లో, దాన్ని మళ్లీ బిగించి ఎనిమిది ఓమ్‌ల మీద, పూర్తి శ్రవణ పరిధిలో, ఒక శాతం లోపు డిస్టార్షన్‌తో కొలిచిన అంకెనే చెప్పాలంది. కొనేవాళ్లు ఎక్కడున్నా పట్టుకోవలసిన అంకె ఇలాంటిదే. మిగతావి చదివి వదిలేయవచ్చు.

ఇక అసలు లెక్క. సెన్సిటివిటీ అంటే స్పీకర్‌కి 2.83 వోల్టులిస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్న కొలత. ఎనిమిది ఓమ్‌ల స్పీకర్‌కి ఆ వోల్టేజీ సరిగ్గా ఒక వాట్. ఇళ్లలో వాడే స్పీకర్లు ఎక్కువగా 85 నుంచి 90 మధ్య ఉంటాయి, హార్న్ ట్వీటర్ ఉన్నవాటికి 95 దాకా చెబుతారు. పవర్ రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్సే. పది రెట్లైతే పది డెసిబెల్స్, చెవికి అది సుమారు రెట్టింపు శబ్దంగా తోస్తుంది. ఈ రెండు వాక్యాలు ఒంటబడితే షాపులో సగం వాదన తీరిపోతుంది. 80 వాట్ల రిసీవర్‌కీ 110 వాట్ల రిసీవర్‌కీ మధ్య తేడా డెసిబెల్స్‌లో 1.4 కూడా లేదు. ధరలో మాత్రం పదివేలకు పైగా తేడా ఉండవచ్చు. ఇప్పుడు 88 డెసిబెల్స్ స్పీకర్‌ని సోఫాకి మూడు మీటర్ల దూరంలో ఉంచామనుకుందాం. ఆరుబయట లెక్కలో మూడు మీటర్లకు తొమ్మిదిన్నర డెసిబెల్స్ తగ్గుతుంది, అంటే ఒక వాట్‌కి సోఫా దగ్గర 78.5. సీరియల్ చూసే వేళ సగటు 70 డెసిబెల్స్ చాలు కాబట్టి రిసీవర్ అప్పుడు ఇచ్చేది వాట్‌లో ఏడో వంతే. సినిమాలో పేలుడు వచ్చిన క్షణాన సోఫా దగ్గర 95 డెసిబెల్స్ కావాలంటే 45 వాట్లు కావాలి. థియేటర్ ప్రమాణం ప్రకారం ఒక్కో చానల్ శిఖరం 105 డెసిబెల్స్. అది ఇంట్లో కావాలంటే అదే స్పీకర్‌కి 450 వాట్లు కావాలి. సాధారణ రిసీవర్ ఏదీ అంత ఇవ్వదు. స్పీకర్ మార్చి 95 డెసిబెల్స్‌ది పెడితే 95 శిఖరానికి తొమ్మిది వాట్లు, 105 శిఖరానికి సుమారు 90 వాట్లు సరిపోతాయి. రిసీవర్‌ని ఎంత పెంచినా రాని తేడాని స్పీకర్ ఒక్కటే తెచ్చిందన్నమాట.

ఈ లెక్కకు రెండు సవరణలు చెప్పాలి. గదిలో గోడలు శబ్దాన్ని తిరిగి పంపుతాయి కాబట్టి దూరంతో తగ్గుదల ఆరుబయట ఉన్నంత ఉండదు. మన 12 బై 14 అడుగుల హాళ్లలో రెండు మూడు డెసిబెల్స్ కలిసివస్తాయి. రెండోది దీనికి ఎదురు దిశలో పనిచేస్తుంది. కంపెనీలు చెప్పే సెన్సిటివిటీలో కొన్ని ఇప్పటికే గది సాయం కలిపి చెప్పినవి, ముఖ్యంగా హార్న్ స్పీకర్ల విషయంలో. ప్రయోగశాలలో కొలిస్తే రెండు మూడు డెసిబెల్స్, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, తగ్గడం ఉంది. అందుకే లెక్కలో గది సాయాన్ని కలపకుండా ఉంచుకుంటే ఈ రెండూ దాదాపు చెల్లుకు చెల్లు. సోఫా దగ్గర 105 శిఖరం కావాలా అన్నది వేరే ప్రశ్న. పక్క ఫ్లాటుతో ఒకే గోడ పంచుకునే ఇంట్లో దానికి పది డెసిబెల్స్ తక్కువకే చాలామంది రిమోట్ అందుకుంటారు. ఎవరి ఇల్లు, ఎవరి ఇరుగుపొరుగు అన్నదాన్ని బట్టి లక్ష్యం పెట్టుకోవాలి, దాన్నుంచి వాట్లకు రావాలి. వాట్ల నుంచి లక్ష్యానికి కాదు.

ఇక్కడొక అభ్యంతరం న్యాయంగా వస్తుంది. పవర్ ఎక్కువుంటే నష్టమేమిటి, తక్కువుంటేనే ట్వీటర్లు పోతాయంటారు కదా అని. మాటలో సగం నిజముంది. రిసీవర్ తన శక్తికి మించి పలకవలసి వస్తే శిఖరాలు తెగిపోతాయి, దాన్నే క్లిప్పింగ్ అంటారు. తెగిన తర్వాత కూడా వాల్యూమ్ పెంచుతూ పోతే బేస్ ఇక పెరగదు, పైస్వరాలు మాత్రం పెరుగుతూనే ఉంటాయి. తక్కువ పవర్ కోసం తయారైన ట్వీటర్ ఆ వేడికి కాలిపోతుంది. అంటే దాన్ని చంపేది తక్కువ వాట్ల రిసీవర్ కాదు, చాలని రిసీవర్ మీద తిప్పిన వాల్యూమ్. అవసరానికి మూడు డెసిబెల్స్ పైన, అంటే రెట్టింపు పవర్, చేతిలో ఉంచుకోవడం తెలివైన పని. 45 వాట్ల అవసరానికి నిజమైన 90 వాట్ల రిసీవర్ తీసుకోవాలి. అంతకు మించి ఈ ధరల్లో దొరికే తేడాలు ఒక డెసిబెల్ అటూ ఇటూనే.

ఇంపిడెన్స్, అంటే కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డు, దాని దగ్గరే నిజమైన పొంతన సమస్య ఉంది, అయినా దాన్ని పట్టించుకునేది తక్కువ మంది. స్పీకర్ వెనక ఎనిమిది ఓమ్‌లని రాసి ఉన్నా అది అన్ని స్వరాలకూ ఎనిమిది కాదు. ఒక చోట ఇరవై, ఇంకో చోట నాలుగు కావచ్చు. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60268-5 ప్రకారం కనిష్ఠం, రాసిన అంకెలో 80 శాతానికి తగ్గకూడదు. అంటే ఎనిమిదికి 6.4. ఆచరణలో దీన్ని అందరూ పాటించరు. 2012లో వచ్చి ఎంతో పేరు తెచ్చుకున్న కేఈఎఫ్ ఎల్‌ఎస్50 స్పీకర్ దీనికి మంచి ఉదాహరణ. కంపెనీ పత్రంలోనే ఎనిమిది ఓమ్‌లు, పక్కనే కనిష్ఠం 3.2 ఓమ్‌లు, సెన్సిటివిటీ 85 డెసిబెల్స్ అని ఉంటుంది. ఇదే మూడు మీటర్ల లెక్క వేస్తే 95 డెసిబెల్స్ శిఖరానికి సుమారు 27 వోల్టులు కావాలి. ఎనిమిది ఓమ్‌ల మీద అది 90 వాట్లే అనిపిస్తుంది. సంగీతం ఆ 3.2 ఓమ్‌ల స్వరాన్ని తాకిన క్షణాన మాత్రం రిసీవర్ ఎనిమిది ఆంపియర్లకు పైగా కరెంటు ఇవ్వాలి. చవక రిసీవర్ తడబడేది ఇక్కడ. వాట్లు లేక కాదు, కరెంటు ఇవ్వలేక. స్పీకర్ చెడ్డదని దీని అర్థం కాదు. అది మంచి స్పీకర్, కానీ చిన్న రిసీవర్‌కి బరువైన స్పీకర్. సెన్సిటివిటీ అంకెలోనూ ఇంపిడెన్స్ ఒక మెలిక పెడుతుంది. 2.83 వోల్టులు నాలుగు ఓమ్‌ల స్పీకర్‌లోకి పంపితే అది తీసుకునేది రెండు వాట్లు. కాబట్టి అలాంటి స్పీకర్‌కి 89 అని రాసి ఉంటే, వాట్‌కి ఇచ్చేది 86 అనే చదువుకోవాలి.

కొన్ని రిసీవర్ల మెనూలో ఇంపిడెన్స్‌ని ఎనిమిది నుంచి ఆరుకో నాలుగుకో మార్చే సెట్టింగ్ ఉంటుంది. నాలుగు ఓమ్‌ల స్పీకర్ పెట్టి దీన్ని మార్చగానే పొంతన కుదిరిందనుకుంటారు. ఆ సెట్టింగ్ సాధారణంగా చేసేది లోపలి వోల్టేజీని తగ్గించి రిసీవర్ వేడెక్కకుండా చూడటం. కరెంటు సామర్థ్యాన్ని అది పెంచదు, ఉన్న పవర్‌ని తగ్గిస్తుంది. నాలుగు ఓమ్‌లకు రిసీవర్ పనికొస్తుందని కంపెనీ మాన్యువల్‌లో స్పష్టంగా రాసి ఉందా అన్నదే చూడవలసింది. పాత డీవీడీ హోమ్ థియేటర్ సెట్ల స్పీకర్లను కొత్త రిసీవర్‌కి తగిలించేవాళ్లు ఇంకా జాగ్రత్త పడాలి. వాటిలో చాలావరకు మూడు, నాలుగు ఓమ్‌లవి, ఆ సెట్‌లోని యాంప్లిఫయర్ కోసమే తయారైనవి. వాటి సబ్‌వూఫర్‌లోనూ సొంత యాంప్లిఫయర్ ఉండదు, కాబట్టి రిసీవర్ వెనక ఉన్న సబ్‌వూఫర్ పిన్నుకి తగిలిస్తే పలకనే పలకదు.

ఐదో ఏడో చానళ్లు ఒకేసారి మోగితే పవర్ సగానికి పడిపోతుంది కదా అన్నది మరో గట్టి అభ్యంతరం. నిజమే, అన్ని చానళ్లకూ పవర్ సప్లై ఒక్కటే. రెండు చానళ్లకు 80 వాట్లిచ్చేది ఏడింటికి 50 కూడా ఇవ్వలేకపోవచ్చు. కానీ సినిమా సౌండ్ ఎలా నడుస్తుందో చూస్తే ఈ భయం సగం తగ్గుతుంది. సంభాషణంతా మధ్య స్పీకర్‌ది, సంగీతం ఎక్కువగా ముందు రెండింటిది, వెనకవి చాలాసేపు గాలి, వాన, జనం సందడి లాంటివే పలుకుతాయి. అన్నీ ఒకేసారి శిఖరానికి చేరే క్షణాలు అరుదు. మిగతా సగం భయాన్ని సబ్‌వూఫర్ తగ్గిస్తుంది. సొంత యాంప్లిఫయర్ ఉన్న సబ్‌వూఫర్ పెట్టి, స్పీకర్లన్నిటినీ మెనూలో ‘స్మాల్’ అని ఎంచి, వాటికీ సబ్‌వూఫర్‌కీ స్వరాలను పంచే క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర ఉంచితే రిసీవర్ నెత్తిన ఉన్న బేస్ బరువులో పెద్ద భాగం దిగిపోతుంది. ఆ 80 హెర్ట్జ్ సినిమా ధ్వనికి ప్రమాణాలు పెట్టే టీహెచ్ఎక్స్ సంస్థ స్థిరపరచిన సంఖ్య, అంతకన్నా కింది శబ్దం ఏ దిక్కు నుంచి వస్తున్నదో చెవి సులువుగా పట్టుకోలేదు. నిలువెత్తు టవర్ స్పీకర్లు కొన్నవాళ్లు వాటిని ‘స్మాల్’ అనడానికి ఒప్పుకోరు, ఆటో సెటప్ కూడా తరచూ వాటిని ‘లార్జ్’ అనే రాస్తుంది. ఆ పదం స్పీకర్ సైజు గురించి కాదు, బేస్ ఎవరు మోయాలన్న ఏర్పాటు గురించి. టవర్లకు కూడా 80 దగ్గర కోత పెట్టడమే మధ్యతరగతి రిసీవర్ చేత బాగా పలికించే మార్గం. రిసీవర్ మీద అదనంగా పెట్టే 15 వేలను మంచి సబ్‌వూఫర్ మీద పెట్టమనడానికి కారణం ఇదే.

గొంతుల జోడీ మాటకు వద్దాం. మెత్తటి రిసీవర్, పదునైన రిసీవర్ అనే విభజన ఎంత పాతుకుపోయిందంటే దాన్ని ప్రశ్నించడమే తప్పన్నట్టు చూస్తారు. ఆధారాలు మాత్రం వేరే మాట చెబుతాయి. అమెరికా పత్రిక స్టీరియో రివ్యూ 1987 జనవరి సంచికలో, ఏ యాంప్లిఫయర్ మోగుతోందో చెప్పకుండా శ్రోతలకు వినిపించిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. చవకవీ ఖరీదైనవీ కలిపి పెట్టినా, శబ్దం స్థాయి సమానంగా ఉంచితే శ్రోతలు నమ్మదగిన రీతిలో తేడా పట్టుకోలేకపోయారు. ఇదే పద్ధతిలో స్పీకర్లను పరీక్షిస్తే కథ పూర్తిగా మారిపోతుంది. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లోనూ తర్వాత హార్మన్ కంపెనీలోనూ ఫ్లాయిడ్ టూల్ దశాబ్దాల పాటు చేసిన పరిశోధనలో శ్రోతలు స్పీకర్ల మధ్య తేడాలను చూడకుండానే స్థిరంగా గుర్తించారు. అన్ని స్వరాలనూ సమంగా, పక్కలకు కూడా నునుపుగా పలికే స్పీకర్లనే మెచ్చుకున్నారు. తేడా ఎక్కడుందో ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది. మరి మా చెవులకు రిసీవర్ మార్చగానే తేడా వినిపించింది, అది అబద్ధమా అంటారు. అబద్ధం కాదు. రెండు రిసీవర్ల ఆటో సెటప్‌లు గదిని రెండు రకాలుగా దిద్దుతాయి, ఒకదాని వాల్యూమ్ డెసిబెల్ ఎక్కువున్నా అదే బాగున్నట్టు తోస్తుంది, సౌండ్ మోడ్లు కూడా వేరు. వినిపించిన తేడా నిజమే, దాని కారణం యాంప్లిఫయర్ గొంతు కాదు. ఇంపిడెన్స్ బాగా పడిపోయే స్పీకర్లు దీనికి మినహాయింపు, వాటి దగ్గర యాంప్లిఫయర్ తేడా నిజంగానే బయటపడుతుంది. గొంతు కలవవలసింది ముందున్న మూడు స్పీకర్ల మధ్య. మధ్య స్పీకర్ ఒక కంపెనీది, పక్కవి ఇంకో కంపెనీవైతే ఒకే మనిషి తెర మీద ఎడమ నుంచి కుడికి నడుస్తూ మాట్లాడేటప్పుడు గొంతు మారిపోతుంది. ఏ రిసీవర్ దాన్ని పూర్తిగా సరిచేయలేదు.

రిసీవర్ల మధ్య వినిపించే అసలు తేడా గది దిద్దుబాటులో ఉంది కాబట్టి డబ్బు పెట్టవలసింది దాని మీద. మైక్ పెట్టి గదిని కొలిచే ఈ వ్యవస్థలకు డెనాన్, మరాంట్జ్‌లలో ఆడిస్సీ, యమహాలో వైపీఏఓ, ఆంథమ్‌లో ఏఆర్‌సీ, ఆంక్యోలాంటి వాటిలో డిరాక్ అని పేర్లు. మన ఇళ్లకు ఇవి ఎక్కువ అవసరం. నేల విట్రిఫైడ్ టైల్స్, ఒక పక్క బాల్కనీ అద్దం తలుపు, మిగతావి ప్లాస్టరింగ్ చేసిన గోడలు, శబ్దాన్ని పీల్చుకునేది సోఫా ఒక్కటే. సుమారు 300 హెర్ట్జ్‌కు కింద స్పీకర్ కన్నా గదే ఎక్కువ మాట్లాడుతుంది. సోఫా దగ్గర ఒక బేస్ స్వరం పది డెసిబెల్స్ ఉబ్బి, పక్క స్వరం పది డెసిబెల్స్ పడిపోవడం మామూలే. డ్రమ్ము దెబ్బ ఒకటి గుయ్యిమంటూ సాగి, తర్వాతది వినిపించకుండా పోయేది అందుకే. ఉబ్బిన దాన్ని దిద్దుబాటు తగ్గించగలదు. పడిపోయిన దాన్ని నింపలేదు, నింపబోతే వాట్లు వృథా. దానికి సబ్‌వూఫర్‌ని జరపాలి, లేదా రెండోది పెట్టాలి. అందువల్ల ఒకే ధరలో రెండు రిసీవర్లుంటే 20 వాట్లు ఎక్కువున్నదాన్ని కాక, సబ్‌వూఫర్‌ని కూడా విడిగా కొలిచి దిద్దేదాన్ని తీసుకోవాలి. దిద్దుబాటు వినికిడిని నిస్తేజం చేస్తుందని కొందరు దాన్ని ఆపేస్తారు. ఆ ఫిర్యాదు ఎక్కువగా పైస్వరాల గురించి. కొన్ని వ్యవస్థల్లో దిద్దుబాటును కింది స్వరాలకే పరిమితం చేసుకునే వీలుంది, అలా వాడితే ఫిర్యాదూ తీరుతుంది, బేస్ లాభమూ దక్కుతుంది.

చానళ్ల సంఖ్య గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. తల పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ 2012లో థియేటర్లకు, 2014లో ఇళ్లకు వచ్చింది. పైకప్పు స్పీకర్లకు వాట్లు పెద్దగా అక్కర్లేదు, 5.1.2కి ఏడు చానళ్ల రిసీవర్ చాలు. పైకి పలికి కప్పు నుంచి శబ్దాన్ని దింపే రకం స్పీకర్లకు మాత్రం చదునైన కప్పు కావాలి. మెట్లు మెట్లుగా చేసిన ఫాల్స్ సీలింగూ, మధ్యలో ఫ్యానూ ఉన్న హాల్లో అవి సరిగ్గా పనిచేయవు. అలాంటి ఇంట్లో మంచి 5.1 పెట్టుకోవడమే నయం. టీవీ యాప్‌ల నుంచి సౌండ్ రిసీవర్‌కి చేరడానికి హెచ్‌డీఎంఐలో ఈఏఆర్‌సీ ఉంటే మంచిది.

అమెరికాలో ఉన్న పిల్లల చేతో అన్నదమ్ముల చేతో రిసీవర్ తెప్పించుకోవడం తెలుగు ఇళ్లలో తరచూ జరిగేదే, అక్కడ సేల్‌లో ధర బాగా తగ్గుతుంది కాబట్టి. ఆ రిసీవర్ల వెనక సాధారణంగా 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటుంది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే ఆ క్షణంలోనే పోతుంది. వోల్టేజీని దింపే ట్రాన్స్‌ఫార్మర్ వాడవచ్చు, కానీ అది పెద్ద సైజుది కావాలి. లేకపోతే శిఖరాల దగ్గర అదే అడ్డంకి అవుతుంది, రిసీవర్ మీద పెట్టిన వాట్లు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగిపోతాయి. పైగా మన కరెంటు 50 హెర్ట్జ్, 60 కోసం చేసిన లోపలి ట్రాన్స్‌ఫార్మర్ దాని మీద ఇంకాస్త వేడెక్కుతుంది. ఇక్కడ వారంటీ ఉండదు. వీటన్నిటికీ ఖరీదు కడితే ఆదాలో ఎక్కువ మిగలదు. ఎక్కడ కొన్నా రిసీవర్‌ని అద్దం తలుపుల టీవీ యూనిట్‌లో మూసిపెట్టకూడదు. మే నెలలో గది వేడే 35 డిగ్రీలు దాటుతుంది. పైన అరడుగు ఖాళీ లేకపోతే నాలుగు ఓమ్‌ల స్పీకర్లతో అది సినిమా సగంలో ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోవచ్చు.

చివరిగా మిగిలేది రేపటి అభ్యంతరం. ఇవాళ చిన్న స్పీకర్లే, రేపు పెద్దవి కొంటాం, అందుకే ఇప్పుడే పెద్ద రిసీవర్ తీసుకుంటే పోలా అంటారు. దానికి జవాబు రిసీవర్ వెనక ప్యానెల్ మీద ఉంటుంది. ముందు చానళ్లకు ప్రీఅవుట్ పిన్నులు, అంటే సిగ్నల్‌ని విడి యాంప్లిఫయర్‌కి పంపే పిన్నులు, ఉన్న రిసీవర్ ఉంటే, రేపు బరువైన స్పీకర్లు వచ్చినప్పుడు ఆ రెండింటికి మాత్రమే విడి పవర్ యాంప్లిఫయర్ తగిలిస్తే సరిపోతుంది. మిగతా చానళ్లు రిసీవర్ చూసుకుంటుంది, దాని మీద బరువు తగ్గుతుంది కాబట్టి ఇంకా బాగా చూసుకుంటుంది. హెచ్‌డీఎంఐ, డీకోడర్లు ఐదారేళ్లకు పాతబడి రిసీవర్ మార్చవలసి వచ్చినా పవర్ యాంప్లిఫయర్ అలాగే ఉంటుంది, అది పాతబడే వస్తువు కాదు. చవక మోడళ్లలో సబ్‌వూఫర్‌కి తప్ప ప్రీఅవుట్ ఉండదు, పైమెట్టు మోడళ్లలోనే మొదలవుతుంది. అందుకే డబ్బా ముందువైపు వాట్లు చదివే బదులు, షాపులో రిసీవర్‌ని తిప్పించి వెనక ఆ పిన్నులున్నాయేమో చూడటం మేలు.